అరుణజ్యోతి ఆపిన ఐసు పెట్టె పంపకం

కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక కాలనీలో, శవాన్ని ఉంచే ఐసు పెట్టె కోసం బతికున్నవాళ్లు చొక్కాలు పట్టుకున్న రోజున ఈరమ్మ కమ్యూనిటీ హాలు మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉంది. కొట్లాట ఎక్కడుంటే అక్కడికి కూరగాయలు పట్టుకుపోవడం ఆమెకు అలవాటు. చేతిలో పని ఉంటే, చూడటానికి వచ్చావని ఎవరూ అనలేరు.

తెలంగాణ కావాలని ఊరూవాడా లేచిన కాలం అది. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ధర్నా అయితే సాయంత్రం ఎల్బీనగర్‌లో రాస్తారోకో. కాలనీలో సగం ఇళ్లు నల్లగొండ పల్లెల నుంచి వచ్చి లారీలు, కిరాణాలు, కుట్టుమిషన్లు పెట్టుకున్నవాళ్లవి. మిగతా సగం కృష్ణా, గుంటూరుల నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లవి. రాష్ట్రం విడిపోయేదాకా ఆగలేక కాలనీ సంఘం తానే ముందు విడిపోదామనుకుంది. కుర్చీలు పంచుకున్నారు. షామియానాలు పంచుకున్నారు. వంట గంజులు గరిటెలతో సహా పంచుకున్నారు. ఐసు పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. అది ఒక్కటే ఉంది. కోస్తే రెండయ్యే వస్తువు కాదు.

"పెట్టె మాది. దానికోసం ఇల్లిల్లు తిరిగింది ఎవరు? మా ఈరమ్మొదిన," అన్నాడు సీతారాములు. ఆయనకు రెండు లారీలు, లారీ హారన్ లాంటి గొంతు ఉన్నాయి.

"తిరిగింది ఆవిడే, కాదనటం లేదండీ. చందాలు ఎక్కువిచ్చింది మావాళ్లు. పోయినేడు అది చల్లబడటం మానేస్తే బాగుచేయించింది నేను," అన్నాడు విశ్వేశ్వరరావు. ఆయన సంఘం సెక్రటరీ, ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. కోపం వచ్చినా 'అండీ' వదలడు. అవతలివాడికి ఇంకా మండేది అందుకే.

"ఆ అండీలు మీ ఇంట్ల పెట్టుకో!"

"మర్యాద మీ నోటికి పడదని నాకు తెలుసండీ!"

సీతారాములు చెయ్యి విశ్వేశ్వరరావు కాలర్ మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే ఈరమ్మ ఇంట్లో పైపోర్షన్‌లో కిరాయికి ఉండే అరుణజ్యోతి, ఆఫీసు నుంచి వస్తూ, టిఫిన్ డబ్బా సంచి భుజాన ఉండగానే హాల్లోకి వచ్చింది. గొంతు పెంచలేదు.

"బాబాయ్, అంకుల్, ఒక్క మాట. గీ పెట్టె ముందుగాల ఎవరికి అక్కరపడితే వాళ్లే ఉంచుకోండి. న్యాయమే గదా? చెప్పండి మరి, మీ రెండు పక్షాల్ల ముందు ఎవరు పోతున్నరు?"

ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూసింది.

"పేరు చెప్తే ఇప్పుడే ఇచ్చేద్దాం," అంది అరుణజ్యోతి.

కాలర్ వదిలి సీతారాములు ఒక అడుగు వెనక్కి వేశాడు. విశ్వేశ్వరరావు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అవేం మాటలమ్మా, దీపాలు పెట్టే వేళ!" అన్నాడు. గడప దగ్గర నిలబడ్డ, ఈరమ్మ ఎదురింటి లచ్చమ్మ తు తు అని పక్కకు ఉమ్మింది. అంతసేపూ మాది మాది అన్న పెట్టెను ఎవరూ తమ వైపు చూడనివ్వలేదు.

"పేరు లేదు గదా. అయితే సద్దుల బతుకమ్మ దాకా పెట్టె ఉన్నకాడనే ఉండనియ్యండి. ఎవరికెంత అక్కరో, రెండు పక్షాలకు ఒక్కటి సరిపోతదో లేదో నేను లెక్క కట్టి చెప్త. నా కొలువే అది."

ఈరమ్మ చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. తన జన్మలో చాలా కొట్లాటలు చూసింది, కొన్ని తానే పెట్టింది. తిట్టు లేకుండా గెలిచిన కొట్లాట మాత్రం అదొక్కటే.

ఆ కొలువు ఏమిటన్నది ఈరమ్మకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. అరుణజ్యోతిది అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి పల్లె. సోమాజిగూడలో ఏదో ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. జీతం మంచిదే, కిరాయి అడగకముందే ఇస్తుంది. కానీ వచ్చిన నాటినుంచీ ఏదో ఒక పరీక్ష రాస్తూనే ఉంది. ఒకటయితే ఇంకొకటి. ఈరమ్మ మొదట్లో ఆ పిల్ల ఒకే పరీక్ష తప్పుతూ ఉందనుకుని జాలిపడింది. ఆదివారాలు పచ్చిపులుసు పైకి పంపేది. తర్వాత తెలిసింది, అవి వేరు వేరు పరీక్షలనీ, అన్నీ అయితేనే 'యాక్చువరీ' అవుతుందనీ. పచ్చిపులుసు ఆపలేదు కానీ జాలి ఆపేసింది.

"గా యాక్చువరీ ఏం చేస్తడు బిడ్డా?"

"ఎంతమంది ఎన్నేండ్లు బతుకుతరు, ఎంతమంది జబ్బు పడుతరు, అన్నీ లెక్క కడుతడు పెద్దమ్మా. దాన్ని బట్టే ఇన్సూరెన్సు."

"అయితే నేనెప్పుడు పోతనో చెప్పు."

"ఒక్కరి సంగతి నాకు తెల్వది. వెయ్యి మందిని చూపెట్టు, అండ్ల ఎంతమంది పోతరో చెప్త."

"మలక్‌పేటల చిలుక జోస్యమోడు నీకంటె నయం గదనే. వాడు ఒక్కరికి చెప్తడు."

అరుణజ్యోతి పగలబడి నవ్వింది. ఈరమ్మకు ఆ నవ్వు నచ్చింది. తనను చూసి నవ్వేవాళ్లను ఆమె క్షమించదు, తన మాటకు నవ్వేవాళ్లను మాత్రం వదలదు. ఆ తర్వాత సాయంత్రాలు మెట్ల మీద ముచ్చట మొదలైంది. ఒకప్పుడు దేశం మొత్తం మీద ఈ పని చేసేవాళ్లు పిడికెడు మందేననీ, వాళ్లంతా బీమా ఆఫీసుల్లో గదులు మూసుకుని చావులు లెక్కపెట్టేవాళ్లనీ అరుణజ్యోతి చెప్పింది. ఇప్పుడు దవాఖాన ఖర్చులకూ వాళ్లే కావాలి, పంటల బీమాకూ వాళ్లే, బండ్ల యాక్సిడెంట్లకూ వాళ్లే.

"పింఛన్లకైతే మేం లేకుంటే నడువదు. జనం తొందరగ పోతరని మునుపు భయం పెద్దమ్మా. ఇప్పుడు శాన ఏండ్లు బతుకుతరని భయం."

"ఎవరికే భయం?"

"పింఛన్ ఇచ్చేటోళ్లకు."

"వాళ్లను భయపడనీ," అంది ఈరమ్మ. ఆ రాత్రి ఒక ముద్ద ఎక్కువే తింది.

ఆ పెట్టె మీద ఈరమ్మ ప్రాణం ఎందుకుందో కాలనీలో అందరికీ తెలుసు. ఆమె మొగుడు మట్టయ్య నడివేసవిలో పోయాడు. ఒక్కగానొక్క కూతురు పూలమ్మ భివండిలో ఉంది, అల్లుడికి అక్కడ మరమగ్గాల పని. కబురు అందిన గడియలోనే బయలుదేరింది. కానీ ఆ ఎండకు శవాన్ని ఎంతసేపు ఆపుతారు? పూలమ్మ ఆటో దిగేసరికి వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి. "నాయన మొఖం సూపియ్యకపోతిరి గదనే," అని ఆ పిల్ల గోడకు తల ఆనించుకుని నిలబడ్డ తీరు ఈరమ్మ మరిచిపోలేదు. దినాలు కాగానే కొంగు బిగించి ఇల్లిల్లూ తిరిగింది. నల్లగొండ ఇల్లా గుంటూరు ఇల్లా అని చూడలేదు. ఇవ్వనన్నవాళ్ల గుమ్మంలో కూర్చుంది, ఇచ్చేదాకా వాళ్ల వంటకు వంకలు పెట్టింది. అలా వచ్చింది ఐసు పెట్టె. తను పోయినప్పుడు అందులో చల్లగా పడుకుని పూలమ్మ కోసం ఎదురుచూడాలని ఆమె ఆశ. ఆశ అనకూడదు, ఏర్పాటు. అందుకే పెట్టె కాలనీ దాటి పోకూడదు.

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. బళ్లు, ఆఫీసులు మూతపడ్డాయి. అరుణజ్యోతి ఆఫీసుకు పోలేక ఇంట్లోనే ఉండిపోయి, పెట్టె లెక్క మొదలుపెట్టింది. ఇంటింటికీ వెళ్లి ముసలివాళ్ల వయసులు అడిగింది. జనం రేషన్ కార్డులు, పింఛన్ కార్డులు, బడి సర్టిఫికెట్లు తెచ్చి చూపించారు. కొందరు ఇదే సందని గుసగుసగా, "మేడమ్, మా మామకు ఇంకెన్నాళ్లు?" అని అడిగారు. ఒకామె చేతిలో అప్పాలు పెట్టి మరీ అడిగింది.

లెక్క తేలాక అరుణజ్యోతి పెద్దమనుషులిద్దరినీ ఈరమ్మ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది. ఒక్క పెట్టె ఇద్దరికీ చాలు. ఒకే రోజు రెండు చావులు రావడం అరుదు. అట్లాంటి రోజు కోసం పక్క కాలనీతో మాట్లాడుకోవాలి, వాళ్ల పెట్టె మనకు, మన పెట్టె వాళ్లకు. ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా పెద్ద ఆపదకు అట్లాగే ఇంకో కంపెనీని ఆసరా పెట్టుకుంటాయి. "ఎంత మంది కలిసి ఉంటె అంత ధీమా బాబాయ్. విడిపోతే రెండు దిక్కులా గుబులే."

అంతవరకూ బాగానే ఉంది. విశ్వేశ్వరరావు కళ్లజోడు సర్దుకుని, "ఏ పక్షానికి ఎన్నిసార్లు అవసరమో అదీ కట్టావా అమ్మా?" అన్నాడు.

దాచడం ఆ పిల్లకు చేతకాదు. "కార్డుల మీది వయసు ప్రకారమైతే నల్లగొండ ఇండ్లకే ఎక్కువ అక్కర పడొచ్చు. ఈ దసరా లోపట్నే ఒకటి రెండు సార్లు. పడొచ్చు అంటున్న అంకుల్, పడుతది అంటలేను."

'పడొచ్చు' అన్న మాట ఆ అరుగు దాటి పోలేదు.

"మరి వాడుకునేది వాళ్లయితే మేమెందుకండీ కలిసుండటం?" అన్నాడు విశ్వేశ్వరరావు.

"అంటె ఏంది? మేం జల్ది పోతం, మీరు చిరంజీవులా?" సీతారాములు లేచాడు.

సాయంత్రానికి కాలనీ అంతా పాకింది. ఆ మేడమ్ తెలంగాణవాళ్లకు చావు రాసిందని ఇటు, ఆంధ్రావాళ్ల చందాతో కొన్న పెట్టెను వాళ్లే వాడేస్తారని అటు. కిరాణా కొట్టు దగ్గర అరుణజ్యోతి కనిపిస్తే సీతారాములు గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మేడమ్, మీ లెక్క ప్రకారం నేను ఉన్ననా, పోయిన్నా?" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమనేవారు. పైగా బతుకమ్మ పండుగ వచ్చింది, కాలనీలో ఒక్క ముసలి ప్రాణం పోలేదు. పోకపోవడం కూడా ఆ పిల్ల తప్పే అయింది. చివరికి రెండు పక్షాలూ ఒక్క మాట మీదికి వచ్చాయి, అన్ని నెలల్లో మొదటిసారి: సద్దుల బతుకమ్మ మర్నాడు హాల్లో కలుసుకుని పెట్టెను ఎల్బీనగర్ టెంట్ హౌస్‌వాడికి అమ్మెయ్యాలి.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, ఎప్పటిలాగే, కాలనీ ఆడవాళ్లు ఆగి ఉంటే ఈరమ్మ మొదటి బతుకమ్మను వాకిట్లో దించింది. కార్డు ప్రకారం ఆమెకు డెబ్బై అయిదు, కాలనీలో అందరికంటే పెద్దది. పెద్దరికం ఆమెకు నగ లాంటిది. ముఖ్యంగా ఎదురింటి లచ్చమ్మ ముందు. లచ్చమ్మ కార్డు మీద అరవై ఆరే ఉంది కాబట్టి ఈరమ్మను 'అక్కా' అంటుంది, ఆమె తర్వాతే తన బతుకమ్మను దించుతుంది. ఆ ఒక్క పిలుపుతో ఈరమ్మ ఏడాదంతా తృప్తిగా బతుకుతుంది.

మర్నాడు పొద్దున్నే మిగిలిన రొట్టె బెల్లం మలీద గిన్నెలో వేసుకుని పైకి ఎక్కింది. తినిపించడానికి సగం, తిట్టడానికి సగం.

"తిను. తిని చెప్పు. ఇయ్యాల నా పెట్టె పోతది, నీకు సమజైతుందా? నీ లెక్కతోనే పోతది. ఏమన్న చదువానే అది?"

అరుణజ్యోతి కాగితాల మధ్య కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎక్కడ తప్పిందో తెలుస్తలేదు పెద్దమ్మా. కూడికలన్నీ మల్ల చూసిన."

"నాకు పోయే గడియ వస్తె పూలమ్మ వచ్చేదాక నన్ను ఎవరాపుతరు? నీ కూడికలా? నాకెందుకింత పరేషాన్? రజాకార్లు ఊరి మీద పడ్డనాడు మా అమ్మ నన్ను చంకనేసుకుని జొన్నచేన్ల పండుకుంది. నేను ఏడుస్తె నోరు మూసిందంట. ఆనాడే పోతె పీడ పోయేది!"

అరుణజ్యోతి మలీద ముద్ద నోటి దాకా తెచ్చి ఆపింది.

"చంకనా?"

"చంకనే. మల్ల నెత్తి మీదనా?"

"కార్డు ప్రకారం అప్పుడు నీకు పన్నెండేండ్లు పెద్దమ్మా. పన్నెండేండ్ల పిల్లను చంకల వేసుకుని ఉరికిందా మీ అమ్మ?"

ఈరమ్మ మలీద గిన్నెను తన వైపు జరుపుకుంది.

"పింఛన్ వస్తదని మట్టయ్య పదేండ్లు కలిపి రాయించిండు," అంది. "నన్ను అడిగిండా ఏందీ? అందరు అట్లనే రాయించిన్రు. కొలువు లేనోళ్లం, మాకు వయసే ఆస్తి."

"సీతారాములు బాబాయ్?"

"వాడా? వాని కార్డు మీద అరవై అయిదు ఉంటది. మా పెండ్లిల సాపల కింద పాకిన పిలగాడు వాడు."

అరుణజ్యోతి లేచి నిలబడింది. గబుక్కున ఒక కాగితం తీసింది. "మరి ఉద్యోగాలు చేసినోళ్లు? వాళ్లకు బడి సర్టిఫికెట్లున్నయ్ గదా. విశ్వేశ్వరరావు అంకుల్ చూపించిండు."

ఈరమ్మకు విశ్వేశ్వరరావు ఇంట్లో తిన్న భోజనాలు గుర్తొచ్చాయి. తిన్న భోజనం ఆమె మరిచిపోదు. ఆయన భార్య అమ్మాజీ వంట బాగా చేస్తుంది, ఆ సంగతి ఈరమ్మ ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

"ఆయన షష్టిపూర్తికి బొబ్బట్లు పెట్టిన్రు. అమ్మాజీ పట్టుచీర కట్టి మల్ల పెండ్లికూతురు తీరు సిగ్గుపడ్డది. దాని ఎన్కనో, రెండేండ్లకో, కొలువు దిగిపోయిండని కేకు కోసిన్రు. నాకు గుడ్డు వాసన గిట్టలే."

"ఆగు ఆగు. షష్టిపూర్తి ముందా, రిటైర్మెంటు ముందా?"

"బొబ్బట్లు ముందు. కేకు ఎన్క."

అరుణజ్యోతి నవ్వు మొదలుపెట్టి మంచం మీద కూలబడింది. "షష్టిపూర్తంటె అరవై నిండితె. రిటైర్మెంటు యాభై ఎనిమిదికి. అరవై అయినంక యాభై ఎనిమిది ఎట్లొచ్చింది పెద్దమ్మా ఆయనకు? కాలనీ మొత్తం పోయి భోజనం చేసొచ్చింది, ఒక్కరికి అనుమానం రాలే!"

ఈరమ్మ కూడా నవ్వింది, ముందు ముక్కుతో, తర్వాత కడుపుతో. ఆయన వయసు దేవుడి ముందు జాతకం ప్రకారం, సర్కారు ముందు సర్టిఫికెట్ ప్రకారం. బడిలో వేసేటప్పుడు ఎవరో నాలుగేళ్లు మింగేశారు. ఆయన ఒక్కడేనా? కొలువులు చేసిన ప్రతివాడూ కాగితం మీద చిన్నవాడే, కొలువు లేని ప్రతివాడూ కాగితం మీద ముసలివాడే. నల్లగొండ వాళ్లు తొందరగా పోతారనీ గుంటూరు వాళ్లు నిలుస్తారనీ తేల్చింది ఆ కాగితాలే. ప్రాణాలు మాత్రం రెండు పక్షాలకూ ఒకే వయసులో ఉన్నాయి.

"తప్పు నాదే," అంది అరుణజ్యోతి కళ్లు తుడుచుకుంటూ. "ఆఫీసుల సర్టిఫికెట్ చూపెడితె రాసుకుంటం. అడుగం. అది లేనోళ్లను లోపటికే రానియ్యం. మనుషులను అడగాలని నాకు తోచలే." కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. "అసలు వయసులు తెలిస్తె లెక్క మారుతది. అప్పుడు ఏ పక్షమూ ఎక్కువ కాదు. పెట్టె ఆగుతది. నువ్వు సాయం చెయ్యాలె పెద్దమ్మా."

"చేస్త. చెప్పు. ఇంటింటికి పోయి అడుగుదామా? నాకు అడ్డమెవడు? ఎవడు ఏ ఏడు పుట్టిండో, ఏ కరువుల, ఏ వరదల, ఎవని పెండ్లి నాడు, అన్నీ కక్కిస్త."

"అడుగుదాం. కాని ఊకె అడిగితె చెప్తరా? పింఛన్లు పోతయని భయం. ఇన్నేండ్లు చెప్పుకున్నది అబద్ధమైతదని నామోషి. ముందు ఒక పెద్దమనిషి తన అసలు వయసు తన నోటితోనే చెప్పాలె. మిగతావాళ్లు ఎన్కనే వస్తరు."

"విశ్వేశ్వరరావును చెప్పమను. బొబ్బట్లు తిన్నది నేను, తినిపించింది ఆయన."

"ఆయన కాదు. అందరికంటె పెద్ద అని అందరు మొక్కే మనిషి." అరుణజ్యోతి ఆమె చెయ్యి పట్టుకుంది. గొంతు మెత్తబడింది, కళ్లల్లో మాత్రం ఇంకా నవ్వు ఉంది. "రజాకార్లు వచ్చిననాడు లచ్చమ్మ ఏం చేస్తుండెనంట?"

ఈరమ్మకు ఆ కథ తెలుసు. లచ్చమ్మ ప్రతి బతుకమ్మకూ చెబుతుంది. మేకలు కాసుకుంటూ గుట్ట మీద దాక్కున్న మగవాళ్లకు రొట్టెలు మోసుకుపోయానని. మేకలు కాయాలంటే, రొట్టెల మూట మోయాలంటే ఎంత ఉండాలి? కార్డు రాసేవాడు లచ్చమ్మ ముఖం చూసి తక్కువ వేసి ఉంటాడు. ఆ కథ ఇన్నేళ్లు వింటూ, తన చంక కథ ఇన్నేళ్లు చెబుతూ, రెండింటినీ పక్కపక్కన పెట్టాలని ఈరమ్మకు ఎన్నడూ తోచలేదు. తోచనివ్వలేదేమో.

"వద్దు బిడ్డా," అంది. "అదొక్కటి అడగకు."

కింద హాలు వైపు నుంచి సీతారాములు గొంతు వినిపించింది. టెంట్ హౌస్ ట్రాలీ వచ్చిందట, పెట్టెను బయటికి లాగుతున్నారట. ఈరమ్మ కిటికీలోంచి చూసింది. పెట్టె మీద కప్పిన పూల దుప్పటి, తాను కుట్టి కప్పిందే, నేల మీద పడి ఉంది. గిన్నె అక్కడే వదిలేసి కొంగు నడుముకు దోపుకుంది.

"సరే. ఏం చెయ్యాల్నో చెప్పు. జల్ది చెప్పు."

"ఏం లేదు పెద్దమ్మా, రెండే ముక్కలు," అంది అరుణజ్యోతి చెప్పులు వేసుకుంటూ. "హాల్లకు పోయినంక, రెండు పక్షాలు వినంగ, లచ్చమ్మను 'అక్కా' అని పిలువు."